పడమటి మండలాల్లో మారిన ఓటరు: తెలుగుదేశం పార్టీకి ఒక పరీక్ష

ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాడు ఎక్కడ చూసినా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ముస్లింల ఓట్లు ఎటు పడ్డాయి? ఈ ప్రశ్న వేసేవారు ముస్లింలందరి ఓట్లూ ఒకే మూటగా ఉంటాయని, ఆ మూటను పేటలోని పెద్దమనిషి ఎవరో మోసుకువెళ్ళి ఒక పార్టీ గుమ్మంలో దించుతాడని ముందే అనుకుంటారు. చిత్తూరు సీమలోని పడమటి మండలాల అనుభవం ఈ ఊహను సమర్థించడం లేదు. బైరెడ్డిపల్లె, పలమనేరు, వి.కోట, కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో గత నలభై ఏళ్ళలో నియోజకవర్గం మారింది, ఓటరూ మారాడు. ఈ మార్పును తెలుగుదేశం పార్టీ ఎలా ఎదుర్కొన్నదో, అందులో మనం నేర్వదగినది ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పార్టీ వేసుకున్న పునాది

శ్రీ ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో, 294 స్థానాల శాసనసభలో ఆ పార్టీ రెండు వందలకు పైగా స్థానాలు గెలిచింది. అంతవరకు రాష్ట్రంలో ముస్లింలలో అత్యధికులు, దళితులు కాంగ్రెసు వెంట ఉండేవారు. కొత్త పార్టీకి వెనుకబడిన కులాలు, వ్యవసాయదారులు, మహిళలు ప్రధాన బలమయ్యారు. కిలో రెండు రూపాయల బియ్యం, మునసబు కరణాల పదవుల రద్దు, 1985 ప్రాంతంలో వచ్చిన మండల వ్యవస్థ పేదవాని గుమ్మందాకా చేరిన మార్పులు. పేద ముస్లిం కుటుంబం కూడా ఆ బియ్యమే తిన్నది, ఆ మండల కార్యాలయానికే వెళ్ళింది. కనుక మొదటి నుండీ ఈ పార్టీ ముస్లింలకు బొత్తిగా పరాయిది కాదు, పూర్తిగా సొంతమూ కాదు.

కుప్పం 1983 నుండి తెలుగుదేశం చేతిలోనే ఉన్నది. 1989 నుండి శ్రీ చంద్రబాబు నాయుడు అక్కడ వరుసగా గెలుస్తూ వచ్చారు. అయినా అంతటి కంచుకోటలోనూ 2021 నవంబరులో జరిగిన పురపాలక ఎన్నికలలో 25 వార్డులకు 19 వార్డులు వైఎస్సార్ కాంగ్రెసు గెలుచుకున్నది. ఓటరు ఎవరి ఆస్తీ కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

గీత జరిగితే లెక్క మారుతుంది

ఓటర్ల కూర్పు మారడానికి జనాభా పెరగడం ఒక్కటే కారణం కాదు. సరిహద్దు గీతను జరిపినా కూర్పు మారుతుంది. 2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన నియోజకవర్గాల పునర్విభజన 2008లో ఖరారై, 2009 ఎన్నికలలో అమలైంది. 2004 ఎన్నికల వరకు షెడ్యూల్డు కులాలకు కేటాయించి ఉన్న పలమనేరు స్థానం జనరల్ స్థానమైంది. ఇప్పుడు పలమనేరు, గంగవరం, పెద్దపంజాణి, బైరెడ్డిపల్లె, వి.కోట మండలాలు దాని పరిధిలో ఉన్నాయి. మదనపల్లె స్థానంలో మదనపల్లె, నిమ్మనపల్లె, రామసముద్రం మండలాలు మిగిలాయి. పెద్ద పట్టణానికి తోడుగా ఉండే పల్లెలు తగ్గితే, పట్టణంలోని ముస్లిం ఓటు బరువు దానంతట అదే పెరుగుతుంది. ఆ ఎన్నికలోనే జనాబ్ షాజహాన్ బాషా కాంగ్రెసు అభ్యర్థిగా మదనపల్లెలో గెలిచారు.

నాయకులు కూడా గీతతోపాటు కదిలారు. 2004లో పుంగనూరులో తెలుగుదేశం తరఫున గెలిచిన శ్రీ అమరనాథరెడ్డి 2009లో పలమనేరుకు వచ్చారు. పీలేరులో గెలుస్తూ వచ్చిన శ్రీ పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి పుంగనూరుకు మారారు. పలమనేరు 2009లో తెలుగుదేశానికి, 2014, 2019లలో వైఎస్సార్ కాంగ్రెసుకు, 2024లో మళ్ళీ తెలుగుదేశానికి దక్కింది. 2009, 2014, 2024లలో గెలిచినది అమరనాథరెడ్డిగారే; 2014లో మాత్రం వైఎస్సార్ కాంగ్రెసు గుర్తుపైన. అంటే ఇక్కడి ఓటరు కొన్నిసార్లు పార్టీని చూశాడు, కొన్నిసార్లు మనిషిని చూశాడు, మరికొన్నిసార్లు రాష్ట్రంలో వీచే గాలిని చూశాడు.

ఓటరులో వచ్చిన నాలుగు మార్పులు

మొదటిది వయస్సు. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో ఓటు హక్కు 21 నుండి 18 ఏళ్ళకు దిగింది. నేటి యువ ఓటరు రెండు రూపాయల బియ్యం చూడలేదు, రామారావుగారి చైతన్య రథాన్నీ చూడలేదు. తాతగారి కృతజ్ఞత మనవడి ఓటుగా మారదు. అతను చదువు, ఫీజు, ఉద్యోగం గురించి అడుగుతాడు. 2007 చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు లభించిన 4 శాతం రిజర్వేషన్లు అతని సీటుకు సంబంధించిన విషయం. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఆ మేలు కాంగ్రెసు ప్రభుత్వ కాలంలో వచ్చింది గనుక, దానిని తాను కాపాడుతానని నమ్మించవలసిన భారం తెలుగుదేశంపైన పడింది.

రెండవది స్త్రీల ఓటు. 2024లో రాష్ట్రంలోని సుమారు 4 కోట్ల 14 లక్షల ఓటర్లలో పురుషులకంటె స్త్రీలే ఎక్కువ. 2019-24 మధ్య వైఎస్సార్ కాంగ్రెసు ప్రభుత్వం అమ్మఒడి, చేయూత వంటి పథకాల సొమ్మును నేరుగా స్త్రీల ఖాతాలలో వేసింది. తెలుగుదేశం 2024లో 'సూపర్ సిక్స్' పేరుతో బదులు పలికింది. 2025 జూన్‌లో తల్లికి వందనం, ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాయి. పరదా పాటించే ముస్లిం స్త్రీకి కూడా ఇప్పుడు తన పేర ఖాతా ఉన్నది, తనదైన లెక్క ఉన్నది. ఇంటి యజమానితో మాట్లాడితే ఇంటి ఓట్లన్నీ వచ్చే రోజులు పోయాయి.

మూడవది వలస. బైరెడ్డిపల్లె, వి.కోట కర్ణాటక సరిహద్దు మండలాలు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. బతుకుతెరువు బెంగళూరు వైపు మళ్ళింది. కుప్పం నుండి రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళేవారున్నారు. గల్ఫు దేశాలలో ఉన్నవారూ ఉన్నారు. పేరు ఇక్కడి జాబితాలో, మనిషి అక్కడ. విదేశాలలోని భారతీయులకు 2011 నుండి జాబితాలో పేరు నమోదుకు అవకాశం కలిగింది గాని, పోలింగు కేంద్రానికి స్వయంగా వస్తేనే ఓటు. 2024 మే 13న పొరుగు రాష్ట్రాల నుండి జనం తరలివచ్చి ఓటు వేశారు. రాష్ట్రంలో పోలింగు 81 శాతం దాటింది. బస్సు చార్జీ పెట్టుకొని వచ్చే ఓటరుకు స్థానిక పెద్దల మాటతో పనిలేదు.

నాలుగవది భాష. ఈ ప్రాంతపు ముస్లిం ఇంట్లో దక్కనీ మాట్లాడుతాడు, బడిలో తెలుగు చదువుతాడు, సంతలో కన్నడం, తమిళం పలుకుతాడు. ఉర్దూ లిపి చదవగల యువకులు తగ్గుతున్నారు. ఉర్దూలో ఒక కరపత్రం వేసి, రంజాన్‌లో ఒక ఇఫ్తార్ విందు ఇస్తే ముస్లింలతో మాట్లాడినట్లేనని భావించే పార్టీ నిజానికి ఎవరితోనూ మాట్లాడడం లేదు. దూదేకుల సోదరులు తెలుగే మాతృభాషగా గలవారు, వారు బి.సి.-బి జాబితాలో ఉన్నారు. వారి అవసరాలు వేరు, పట్టణపు వర్తకుని అవసరాలు వేరు, టమోటా మండీలో బుట్టలు మోసే కూలీ అవసరాలు వేరు.

పొత్తుల చిక్కు

తెలుగుదేశానికి ముస్లిం ఓటు విషయంలో అసలు చిక్కు భారతీయ జనతా పార్టీతో పొత్తు. 1999లో ఆ పొత్తుతో తెలుగుదేశం 180 స్థానాలు గెలిచింది. 2002 గుజరాతు మారణకాండ తరువాత కూడా కేంద్రానికి మద్దతు ఉపసంహరించలేదు. 2004లో 47 స్థానాలకు పడిపోయింది. ఆ ఓటమికి కరువు, కరెంటు చార్జీలు, రైతుల దుస్థితి కూడా కారణాలే. ముస్లింల ఆగ్రహాన్ని మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు. 2014లో మళ్ళీ పొత్తు, 102 స్థానాలు, అధికారం. కాని 2018 నవంబరులో జనాబ్ ఎన్.ఎం.డి. ఫరూఖ్‌ను తీసుకునేవరకు ఆ మంత్రివర్గంలో ముస్లిం లేరు. 2018 మార్చిలో పార్టీ ఎన్.డి.ఎ. నుండి బయటికి వచ్చింది. 2019లో పొత్తు లేకుండా పోటీ చేసి 175లో 23 స్థానాలే గెలిచింది. 2024లో తిరిగి పొత్తుతో 135 గెలిచింది. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటులో వక్ఫ్ సవరణ బిల్లుకు ఆ పార్టీ సభ్యులు అనుకూలంగా ఓటు వేశారు. మసీదు, ఖబరస్తాన్ భూముల గురించి ఆందోళన చెందే ఓటరుకు ఆ పార్టీ చెప్పవలసిన జవాబు ఇంకా ఉన్నది.

ఈ అంకెలను చూసి, పొత్తు ఉంటే ముస్లిం ఓటు పోతుందనో, పొత్తు లేకుంటే వస్తుందనో సూత్రం కట్టలేము. 2019లో శాసనసభకు ఎన్నికైన నలుగురు ముస్లింలూ వైఎస్సార్ కాంగ్రెసువారు. 2024లో ఎన్నికైన ముగ్గురూ తెలుగుదేశంవారు. మదనపల్లెలో 2024లో రెండు ప్రధాన పార్టీలూ ముస్లిం అభ్యర్థులనే నిలిపాయి. తెలుగుదేశం తరఫున షాజహాన్ బాషాగారు సుమారు అయిదున్నర వేల ఓట్ల తేడాతో గెలిచారు. పొరుగునే ఉన్న పుంగనూరులో గాలికి ఎదురుగా వైఎస్సార్ కాంగ్రెసు నిలిచింది. రెండు పట్టణాలలోనూ ముస్లింలు గణనీయంగా ఉన్నారు, ఫలితాలు మాత్రం వేరు. మూట అనేది ఉంటే ఇలా జరిగేది కాదు.

అంకెలను మరచిపోరాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు సుమారు 9.6 శాతం, 2014 విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 7.3 శాతం. రాష్ట్ర స్థాయిలో మన బరువు తగ్గింది. తగ్గిన బరువుతో బేరమాడేవాడు నష్టపోతాడు. న్యాయం అడిగేవాడు ఇతరులను కూడా తన వెంట నిలుపుకోగలడు.

ఓటు సాక్ష్యం, అమానత్

ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహ్ అలైహ్, 1897-1976) ఓటుకు ధార్మికంగా మూడు రూపాలున్నాయని వివరించారు. అది షహాదత్, అంటే ఈ మనిషి ఈ పదవికి అర్హుడని చెప్పే సాక్ష్యం. అది షఫాఅత్, అంటే సిఫారసు. అది వకాలత్, అంటే ప్రజలందరి తరఫున ఒకరిని ప్రతినిధిగా నియమించడం. సాక్ష్యాన్ని దాచరాదని బఖరా సూరా 283వ ఆయతు, అమానతులను అర్హులకు అప్పగించాలని నిసా సూరా 58వ ఆయతు బోధిస్తున్నాయి. ఒక వర్గంపైన ఉన్న ద్వేషం కూడా మనలను న్యాయం నుండి తప్పించరాదని మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరిక. సాక్ష్యాన్ని ఎవరూ మూటగట్టి అమ్మలేరు. తండ్రి సాక్ష్యం కొడుకుకు చెల్లదు, భర్త సాక్ష్యం భార్యకు చెల్లదు. అయిదు వందల నోటు తీసుకొని చెప్పే సాక్ష్యానికి ఏ న్యాయస్థానంలో విలువ ఉన్నది?

మసీదు మింబరు పార్టీ వేదిక కారాదు. మతం పేరుతో ఓట్లడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అవినీతి చర్య. 2017లో సుప్రీంకోర్టు దీని పరిధిని మరింత విస్తృతంగా నిర్ణయించింది. ప్రార్థనా స్థలాలను రాజకీయాలకు వాడరాదని 1988లో వేరే చట్టమే వచ్చింది. ఈ చట్టాలు పరాయి ఇమాములకే గాక మన ఇమాములకూ వర్తిస్తాయి. అయితే జాబితాలో పేరున్నదో లేదో చూసుకోండని చెప్పడం ఏ చట్టానికీ విరుద్ధం కాదు. 18 నిండినవారు ఫారం 6తో పేరు నమోదు చేసుకోవచ్చు. ఇప్పుడు ఏడాదిలో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలు నాలుగూ అర్హత తేదీలే. చిరునామా మారినా, పేరులో తప్పున్నా ఫారం 8. మీ పేరు తొలగించాలని ఎవరైనా ఫారం 7 ఇచ్చినట్లయితే విచారణకు హాజరై జవాబు చెప్పాలి. బెంగళూరులో ఉన్న కొడుకు పేరు 'ఊరు విడిచిపోయినవాడు' అనే కారణంతో తీసివేయబడితే, అది తెలిసేది పోలింగు నాడే.

పార్టీలు మనలను లెక్కించడం మానవు, అది వాటి పని. తెలుగుదేశమైనా మరొకటైనా పాత లెక్కతో వస్తే ఓడుతుంది, కొత్త లెక్కతో వస్తే గెలవవచ్చు. మన పని అది కాదు. ఎవరికి ఓటు వేసినా, ఎందుకు వేశామో అల్లాహ్ ఎదుట చెప్పుకోగలగాలి; గెలిచినవానిని అయిదేళ్ళూ అడగగలగాలి. బడి, రుణం, రోడ్డు, వక్ఫ్ భూమి విషయంలో అడిగేటప్పుడు మన పక్క ఇంటి హిందూ సోదరుని కష్టాన్ని కూడా కలిపి అడగాలి. అప్పుడు పార్టీ మన తలలను లెక్కపెట్టి ఊరుకోలేదు. మన మాటకు జవాబు చెప్పవలసి వస్తుంది.