తెలంగాణ సాయుధ పోరాట స్మృతులు: దళంలో చేరిక నుంచి ఇంటిదారి వరకు

ఉపోద్ఘాతం

సైనికుల స్మృతులకు పరిచితమైన క్రమం ఒకటి ఉంది: చేరిక, శిక్షణ, యుద్ధం, విడుదల. ప్రపంచ యుద్ధాలలో పాల్గొన్న కెనడా సైనికుల జ్ఞాపకాలు మొదలుకొని అనేక దేశాల స్మృతులలో ఈ వరుస కనిపిస్తుంది. 1946-51 మధ్య సాగిన తెలంగాణ సాయుధ పోరాట స్మృతులలోనూ ఈ దశలన్నీ ఉన్నాయి. అయితే ప్రతి దశకూ ఇక్కడ అర్థం వేరు. ఆ తేడాను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చేరిక

దళ సభ్యునికి నియామక పత్రం లేదు, జీతం లేదు. వెట్టి, లెవీ ధాన్యం, భూమి తగాదాల మీద ఆంధ్రమహాసభ నడిపిన గ్రామ సంఘాలే దళాలకు పునాది. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్యకు గురికావడం ఉద్యమాన్ని మలుపు తిప్పింది. అందువల్ల ఈ స్మృతులు చేరిన తేదీతో కాక, దొర గడిలో చూసిన అన్యాయంతో మొదలవుతాయి.

శిక్షణ

తొలిదశలో ఆయుధాలు వడిసెల, రోకలి, కారప్పొడి. తుపాకులు తరువాత వచ్చాయి. ఇంటి పనిముట్టే ఆయుధమైన చోట శిక్షణకు ప్రత్యేక మైదానం అక్కరలేదు. రాజక్క పేరుతో అజ్ఞాతంలో పనిచేసిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ పేరే మాటకూ ఆయుధానికీ ఉన్న సంబంధాన్ని సూచిస్తుంది. ఆమె నోట చెప్పగా అక్షరబద్ధమైన గ్రంథమది.

పోరు

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో ఎదుటి పక్షం మారింది. రజాకార్ల స్థానంలో భారత సైన్యం నిలిచింది. స్మృతికర్తలు విడిపోయేది ఇక్కడే. పోరాటాన్ని అప్పుడే ఆపవలసిందని రావి నారాయణరెడ్డి భావించారు. పంచుకున్న భూములను కాపాడుకోవడానికి కొనసాగింపు అవసరమైందని పుచ్చలపల్లి సుందరయ్య సమర్థించారు. సుందరయ్య లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలలో 10 లక్షల ఎకరాల పంపిణీ జరిగింది. నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇంటిదారి

1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. నాయకుల గ్రంథాలు ఇక్కడ గుణపాఠాల వైపు మళ్లుతాయి. స్త్రీ శక్తి సంఘటన సేకరించి 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మరో ప్రశ్న వేస్తుంది: తుపాకి పట్టిన స్త్రీకి ఇంటి వద్ద దొరికిన స్థానమేమిటి? దళంలో కొనసాగడానికి పసిబిడ్డను పరులకు అప్పగించవలసి వచ్చిన కమలమ్మ కథనం ఏ యుద్ధ నివేదికలోనూ ఇమడదు. ఇక ఇళ్లకు వెళ్లి పెళ్లిళ్లు చేసుకొమ్మన్నారని చెప్పిన స్త్రీల మాటలలో విడుదల కంటే వెలితే ఎక్కువ వినిపిస్తుంది.

ముగింపు

ఈ స్మృతులను చదివే పరిశోధకుడు మూడు కాలాలను వేరుచేసి చూడాలి: సంఘటన జరిగిన కాలం, చెప్పిన కాలం, అచ్చయిన కాలం. దశాబ్దాల తరువాత చెప్పిన మాటలో 1964 నాటి పార్టీ చీలిక నీడ పడవచ్చు. అయినంత మాత్రాన ఆ మాట అబద్ధం కాదు. పోరాటాన్ని కళ్లారా చూసిన తరం దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు వరంగల్, జనగామ, మహబూబాబాద్ పల్లెలలో మిగిలింది వారి సంతానం విన్న మాట. దానిని కూడా తేదీతో, చెప్పినవారి వివరాలతో నమోదు చేయకపోతే నాయకుల గ్రంథాలే ఏకైక సాక్ష్యంగా మిగులుతాయి.