మీకు తెలుసా? రాకెట్టు తిరిగినా కదలని గీత

నెల్లూరు తీరంలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట (2022 నుంచి తిరుపతి జిల్లా) నుంచి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్టు ఎటు, ఎంత తిరిగిందో చెప్పడానికి మాత్రికలు (అంకెల పట్టికలు) వాడతారు. వస్తువు ఎలా తిరిగినా, తన దిశ మారని గీత ఒకటి అందులో ఉంటుందని 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. అదే భ్రమణాక్షం. గణితంలో ఇలాంటివాటిని నిశ్చర ఉపాంతరాళాలంటారు.

మాత్రికలో అంకెలు కాస్త చెదిరితే ఆ గీత నిలుస్తుందా? 30 డిగ్రీలు తిరిగిన వస్తువుకైతే నిలుస్తుంది. కొలతలో చిన్న పొరపాటు వస్తే అక్షం కొద్దిగానే జరుగుతుంది. అసలు తిరగని వస్తువుతోనే చిక్కు! అప్పుడు ప్రతి గీతా నిశ్చరమే, కానీ ఒక్కటీ స్థిరం కాదు. రవ్వంత తేడా వచ్చినా అక్షం ఎటైనా తేలవచ్చు.

ఏ ఉపాంతరాళాలు స్థిరమో గణితవేత్తలు 1978లో బార్ట్, గోబర్గ్, కాషుక్, 1979లో కాంప్‌బెల్, డాట్రీ తేల్చారు. సంకీర్ణ సంఖ్యలనూ లెక్కలోకి తీసుకుంటే, ఒక్కో లాక్షణిక విలువకు (ఐగెన్ విలువ: నిశ్చర దిశను మాత్రిక ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్య) ఒకే దిశ ఉంటే అన్నీ స్థిరమే. విలువ పునరావృతమైనా సరే! నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే. అయితే పునరావృతమైనచోట జరుగుబాటు పెద్దది. మొదటి వరుసలో 0, 1; రెండో వరుసలో 0, 0 ఉన్న మాత్రికను తీసుకోండి. కింది ఎడమ సున్నాను 0.000001గా మారిస్తే, నిశ్చర గీత వాలు 0.001 మారుతుంది. డిగ్రీ విద్యార్థులు కాగితం మీద వేసి చూడండి, రెండు నిమిషాల పని.