గంజి వార్చటం వస్తే పాస్తా వచ్చినట్లే

హైదరాబాదు వచ్చిన చుట్టాలు చార్మినారు చూడటం కాగానే అడిగేది జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఎక్కడని. తీరా తీసుకువెడితే అక్కడ కనిపించేవి ఎత్తైన గోడలు, వాటి మీదనుంచి తొంగిచూసే కాగితప్పూలు, గేటు దగ్గర కాపలావాడూను. అంతకుమించి ఏమీ కనిపించదు. కాని ఆ మేడల వెనక సందుల్లోనే ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకుని, ఒకే గ్యాసుపొయ్యి మీద వండుకునే కుర్రవాళ్ళున్నారు. వారిలో సహాయ దర్శకులున్నారు, ఎడిటింగు నేర్చుకునేవారున్నారు, రేపు పాటలు రాయబోయేవారున్నారు.

పరిశ్రమ మద్రాసులో వున్న రోజుల్లో ఇలాంటివారే పానగల్ పార్కు చుట్టూ తిరిగేవారు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో ఇక్కడ అన్నపూర్ణ స్టూడియో పెట్టారు. తరువాత రామానాయుడు స్టూడియో, ఫిలిం ఛాంబరు వచ్చాయి. క్రమంగా పరిశ్రమంతా ఇక్కడికి తరలింది. పార్కు మారింది గాని ఆకలి మారలేదు.

మా అక్కయ్య కొడుకు అలాంటి సహాయ దర్శకుడు. షూటింగున్న రోజున చింత లేదు. ప్రొడక్షనువాళ్ళే టిఫినూ భోజనమూ పెడతారు. లేని రోజునే వస్తుంది తిప్పలంతా. జేబులో డబ్బు చూసుకుని, రెండు అరటిపళ్ళు తిని, రాత్రి తల్లి ఫోను చేస్తే "తిన్నానమ్మా" అనేవాడట. ఈ సంగతి వాడే ఒకనాడు నాతో అన్నాడు. అదీ మామూలుగా అనలేదు.

"పిన్నీ, పాస్తా వండానే. సంకటైపోయింది. ముగ్గురం గరిటెతో గోక్కుని తిన్నాం" అన్నాడు.

నవ్వు వచ్చింది, ఆ వెంటనే కష్టంగానూ అనిపించింది. "అన్నం వార్చటం వచ్చునట్రా?" అని అడిగాను. "కుక్కర్లో పెట్టటమేగా పిన్నీ, వార్చటమేమిటి?" అన్నాడు. అప్పుడు తెలిసింది లోపమెక్కడుందో. వాడికి రానిది ఇటలీ వంట కాదు, మా అమ్మ వంట!

పాస్తా మనకు అనుకున్నంత పరాయిది కాదు. సేమ్యా ఉప్మా, సేమ్యా పాయసం ఎరగని తెలుగిల్లు ఏది? సేమ్యా కూడా ఆ కుటుంబంలోదే. మన హైదరాబాదు కంపెనీ బాంబినో సేమ్యాతో పాటు మాకరోనీని కూడా ఎన్నో వంటిళ్ళకు చేర్చింది. బాంబినో అంటే ఇటలీ భాషలో పసివాడని అర్థం. పాస్తాను మార్కోపోలో చైనానుంచి ఇటలీకి తెచ్చాడని ఒక కథ వుంది. ఆయన తిరిగివచ్చింది 1295లో. అంతకు చాలా ముందే, 1154లో, అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపంలో దారాల వంటి పిండివంటను చేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని రాసిపెట్టాడు. కాబట్టి ఆ కథను కథగానే వుంచుదాం.

మంచి పాస్తాను డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఎండు పాస్తాను ఈ రవ్వతోనే చెయ్యాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు. ఆ గోధుమలోని మాంసకృత్తులు బిగువుగా వుండటం వల్ల ఉడికినా పాస్తా చితికిపోదు. మైదాతో చేసినది అంత నిలబడదు. అంచేత కొనేటప్పుడు ప్యాకెట్టు వెనక చదవండి. డ్యూరం గోధుమ రవ్వ అని వుంటే తీసుకోండి.

శాకాహారులు మరి రెండు సంగతులు చూసుకోవాలి. కొన్ని రకాల పాస్తాలో కోడిగుడ్డు కలుపుతారు. ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క వుందో లేదో చూస్తే సరిపోతుంది. రెండవది, పార్మెజాన్ అనే ఇటలీ జున్నును దూడ కడుపునుంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేస్తారు. చీజు కావాలనుకుంటే దాని మీద కూడా ఆకుపచ్చ చుక్క చూసే కొనండి. అసలు చీజు లేకపోయినా ఏ లోటూ వుండదు.

ఉడికించే పద్ధతి

మనిషికి 100 గ్రాముల పాస్తా, లీటరు నీళ్ళు, ఒకటిన్నర చిన్నచెంచాల ఉప్పు. ఇదే లెక్క. ఇద్దరికైతే అన్నీ రెట్టింపు. నీళ్ళు తెర్లుతున్నప్పుడే ఉప్పూ పాస్తా వెయ్యాలి. చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టారో, మావాడి సంకటే! వేసిన మొదటి రెండు నిమిషాలూ గరిటెతో కలుపుతూ వుండండి. అంటుకునేది అప్పుడే. నీళ్ళలో నూనె పోయనక్కరలేదు. పోస్తే పాస్తా జారుడుగా తయారై పులుసు పట్టదు.

ప్యాకెట్టు మీద ఎన్ని నిమిషాలని రాసి వుంటుందో, దానికి రెండు నిమిషాల ముందునుంచే ఒక్కొక్కటి తీసి కొరికి చూడండి. మధ్యలో సన్నటి తెల్లని చుక్క కనిపిస్తూ, పంటికి కొంచెం తగలాలి. ఇటలీవారు దీన్నే 'పంటికి తగిలేట్టు' అని చెప్పుకుంటారు. మన అమ్మమ్మలు ఒక్క మాటలో 'పలుకు' అనేవారు. పలుకు వుండగానే దించెయ్యాలి. మిగిలిన ఉడుకు పులుసులో అవుతుంది.

ఇక వార్చటం. ముందుగా ఒక గ్లాసెడు గంజి తీసి పక్కన పెట్టుకోండి. ఇది మరిచిపోతే సగం రుచి పోయినట్లే. తరువాత సిబ్బి పెట్టి గాని, చిల్లుల గిన్నెలో గాని వార్చండి. చన్నీళ్ళతో కడగకండి. పైనున్న జిగురు కొట్టుకుపోతుంది. పులుసును పాస్తాకు అంటించేది ఆ జిగురే.

వెల్లుల్లి పోపు పాస్తా

ఇటలీలో నేపుల్సు ప్రాంతంవారు ఇష్టంగా తినే వంట ఇది. చూస్తే మన పోపే! ఇద్దరికి చెబుతున్నాను. బాణలిలో మూడు పెద్దచెంచాల నూనె పోసి, సన్నగా తరిగిన వెల్లుల్లి రెబ్బలు ఆరు, తుంచిన ఎండుమిరపకాయలు మూడు వేసి సన్నటి సెగ మీద వేయించండి. వెల్లుల్లి లేత బంగారు రంగుకు రాగానే వార్చిన పాస్తా, అరగ్లాసు గంజి పోసి, సెగ పెంచి ఒక నిమిషం బాగా కలపండి. గంజీ నూనే కలిసి చిక్కబడి పాస్తాకు పట్టుకుంటాయి. దించి కొత్తిమీర చల్లండి. వెల్లుల్లి నల్లబడితే చేదెక్కుతుంది. చూడవలసింది అదొక్కటే.

టమాటా పాస్తా

అరకిలో బాగా పండిన టమాటాలు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరగండి. రెండు పెద్దచెంచాల నూనెలో ఉల్లీ వెల్లుల్లీ మగ్గనిచ్చి, టమాటాలు, ఉప్పు, అరచెంచా కారం వేసి, నూనె పైకి తేలేవరకు పావుగంట ఉడికించండి. పులుపెక్కువైతే చిటికెడు పంచదార వెయ్యండి. ఇందులో పాస్తా, కాస్త గంజి కలిపితే సరి. ఇటలీవారు పైన వేసే బేసిల్ ఆకు మన సబ్జా గింజల మొక్క జాతిదే. కుండీలో వుంటే నాలుగాకులు తుంచి వెయ్యండి. లేకుంటే కొత్తిమీర చాలు.

దీన్నే పూర్తి భోజనంగా చేసుకోవచ్చు. రాత్రి నానవేసి ఉడికించిన కాబూలీ శనగలు ఒక కప్పు పులుసులో వేస్తే అయిపోయె! శనగలూ పాస్తా కలిపి వండుకోవటం ఇటలీ పల్లెల్లో పాత అలవాటే. పప్పూ అన్నమూ కలిపి తినటంలో వున్న కిటుకే ఇందులోనూ వుంది. గోధుమ మాంసకృత్తుల్లో వుండే కొరతను శనగలు తీరుస్తాయి. డబ్బు తక్కువగా వున్న రోజున కడుపు నింపేది ఇదే.

పాలసాసు పాస్తా

పిల్లలున్న ఇళ్ళలో దీనికే గిరాకీ. రెండు పెద్దచెంచాల వెన్న కరిగించి, అంతే మైదా వేసి, రంగు మారకుండా రెండు నిమిషాలు వేయించండి. దించి, చల్లని పాలు రెండు గ్లాసులు కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, గరిటెకు పట్టేంత చిక్కబడేవరకు తిప్పుతూ వుండండి. ఉప్పు, మిరియాలపొడి, ఉడికించిన బఠాణీ, మొక్కజొన్న, కారెట్టు ముక్కలు వేసి పాస్తా కలపండి. చల్లారితే గట్టిపడుతుంది. కాబట్టి వడ్డించబోయే ముందే కలపాలి. గట్టిపడితే దాచిన గంజి వుండనే వుంది!

అదే జూబ్లీహిల్స్‌లోని పెద్ద హోటల్లో కూర్చుని తింటే ఒక ప్లేటుకు ఇచ్చే డబ్బుతో ఇంట్లో నలుగురూ తృప్తిగా తినవచ్చు. పైగా అరగంట పని. ఆడపిల్లకు నేర్పినట్లే మగపిల్లవాడికీ నేర్పండి. ఇల్లు విడిచి వెళ్ళే బిడ్డకు మనం కట్టి ఇచ్చే ఆవకాయ జాడీ ఒకనాటికి ఖాళీ అవుతుంది. చేతికి పట్టుబడిన పని మాత్రం ఖాళీ కాదు.

పోయిన సంక్రాంతి తరువాత మా అక్కయ్య కొడుకును చూడటానికి ఫిలింనగర్ వెళ్ళింది. ఆ రోజు షూటింగు లేదు. వాడు పొయ్యి ముందు నిలబడి, తువ్వాలుతో గిన్నె పట్టుకుని గంజి వారుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసిందట. మా అమ్మ పోయిన తరువాత ఆ ఇంట గంజి వార్చినవాడు వీడేనని చెప్పి నవ్వింది. వాడు శనగలు వేసిన పాస్తా వడ్డించాడు. ఒక ముక్క కొరికి, "పలుకుగా వుందేమిట్రా?" అంది.

"అలాగే వుండాలమ్మా" అన్నాడు వాడు.

ఇప్పుడు రాత్రి ఫోనులో "తిన్నావా?" అని అడగటం మా అక్కయ్య మానేసింది. "ఏం వండావు?" అని అడుగుతోంది.