మధుమేహంలో అరికాళ్ళ మంట

పగలు పని ధ్యాసలో అంతగా తెలియని మంట రాత్రి మంచమెక్కగానే అరికాళ్ళలో మొదలవుతుంది. కొందరికి నిప్పుల మీద నడచినట్లు, కొందరికి సూదులు గుచ్చినట్లు, మరికొందరికి చీమలు పాకినట్లు ఉంటుంది. కప్పుకొన్న దుప్పటి తగిలినా ఓర్వలేరు. వేడి చేసిందనో, వయసు మీరిందనో సరిపెట్టుకొని ఊరుకొనేవారే ఎక్కువ. మధుమేహం ఉన్నవారిలో మాత్రం ఇది తరచుగా నాడులు దెబ్బతినడం వలన పుట్టే బాధ. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైబడి ఉన్నారు. జనగామలోనైనా, మహబూబాబాదులోనైనా, భూపాలపల్లిలోనైనా ఈ బాధ ఎరుగని వీధి ఉండదు.

చక్కెర నాడిని ఏ విధంగా చెరుపుతుంది? పొయ్యిలో కట్టె మండితే వేడితో పాటు కొంత పొగ రాక తప్పదు. అట్లే శరీరంలోని కణం చక్కెరను ప్రాణవాయువు సాయంతో శక్తిగా మార్చుకొనేటప్పుడు నిలకడలేని, తాకినదానినల్లా పాడుచేసే ప్రాణవాయు రూపాలు కొన్ని పుడతాయి. మామూలుగా శరీరమే వీటిని అణచుకొంటుంది. కట్టెలు మితిమీరి కుక్కిన పొయ్యి ఇల్లంతా పొగచూరజేసినట్లు, చక్కెర మితిమీరినప్పుడు ఇవి పెచ్చు పెరిగి నాడులను, వాటిని పోషించే సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తాయి. పాదాలకు వెళ్ళే నాడులు అన్నిటికంటె పొడవైనవి. అందుచేత కీడు ముందుగా అక్కడే కనబడుతుంది. ఈ వాదాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ బ్రౌన్లీ 2001లో సమగ్రంగా వివరించాడు.

ఈ పొగను విరిచే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. వానిని మందుగా ఇచ్చి నొప్పి తగ్గించవచ్చునన్న ఆశ సహేతుకమే. వీటిలో ఎక్కువ పరీక్షలకు గురి అయినది ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం. 1995లో జర్మనీ వైద్యులు ప్రకటించిన ప్రయోగంలో, రోజుకు 600 మిల్లీగ్రాముల వంతున మూడు వారాలు రక్తనాళంలోకి ఎక్కించగా మంట, పోటు తగ్గినవి. 2006లో మాత్రల రూపాన ఐదు వారాలు ఇచ్చిన ప్రయోగంలోనూ కొంత ఉపశమనం కనబడింది. అయితే నాలుగేండ్ల పాటు ఇచ్చి, 2011లో ఫలితాలు ప్రకటించిన పెద్ద ప్రయోగంలో ప్రధాన కొలమానం ప్రకారం చెప్పుకోదగిన తేడా తేలలేదు. ప్రయోగాలన్నిటినీ కలిపి తూచిన కాక్రేన్ సమీక్ష 2024లో, ఆరు నెలల తరువాత బాధలో తగ్గుదల బహుశా స్వల్పమో శూన్యమో అని తీర్మానించింది. వైద్యుడు కొద్దివారాలు వాడి చూడమంటే కాదనవలసిన పని లేదు. గుణం కనబడకున్నా ఏండ్ల తరబడి ఇంటి ఖర్చు తగ్గించుకొని కొనుటకు మాత్రం ఆధారం చాలదు.

పసుపు మాట తప్పక అడుగుతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మధుమేహం కలిగించిన ఎలుకలకు పసుపు పెట్టి చూడగా, కంటిలో శుక్లం ఆలస్యంగా ముదిరినట్లు 2005లో ప్రకటించారు. మంచి పరిశోధనే. కాని ఎలుక కంటికి, మనిషి పాదానికి నడుమ దూరం చాల ఉన్నది. కూరలో పసుపు కూరలోనే ఉండనిద్దాం.

మహబూబాబాదు ప్రాంతపు రైతు పండించే మిరపకు ఇందులో చిత్రమైన పాత్ర ఉన్నది. మిరపలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నూటికి 8 పాళ్ళు గల పట్టీని పాదాల మంటకు వాడుటకు అమెరికా ప్రభుత్వం 2020లో అనుమతించింది. అది యాంటీ ఆక్సిడెంటుగా కాదు, నొప్పి తెలిపే నాడుల కొసలను మొద్దుబార్చి పని చేస్తుంది. వైద్యుల చేతి మీదుగా వేయవలసిన పట్టీ అది. ఇంట్లో కారం నూరి పాదాలకు పూస్తే పుండ్లు పడతాయి.

మంటకు మరొక కారణం కూడ ఉండవచ్చు. మధుమేహానికి విరివిగా వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర, చాలకాలం వాడినవారిలో విటమిన్ బి 12ను తగ్గించగలదు. ఆ లోపం వలన కూడ ఇట్టి తిమ్మిర్లే వస్తాయి. ఒక్క రక్తపరీక్షతో ఇది తేలుతుంది, చికిత్స తేలిక. నా దృష్టిలో ఖరీదైన మాత్రల కంటె ముందు అడుగవలసింది ఈ పరీక్షనే. నొప్పికి ప్రిగాబలిన్, డులోక్సిటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు ఉన్నవి. ఏది ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయించాలి. నాడిని కాపాడేది చక్కెర అదుపు. మొదటి రకం మధుమేహులలో గట్టి అదుపు నాడీవ్యాధిని సుమారు నూటికి 60 వంతులు తగ్గించినదని 1993లో అమెరికాలో తేలింది. పెద్దవయసులో వచ్చే రెండవ రకంలో ఆ మేలు ఇంత ఎక్కువ కాదు.

ఏండ్ల మంట ఏ మందూ లేకుండ తగ్గిపోతే సంతోషించి ఊరుకోరాదు. నాడి కోలుకొన్నదో, పూర్తిగా చచ్చుబడినదో పరీక్షిస్తేనే తెలుస్తుంది. స్పర్శ పోయిన పాదంతో వరిమడిలో దిగిన జనగామ రైతుకు ముల్లు విరిగినా తెలియదు. భూపాలపల్లి గని కార్మికునికి బూటులో గులకరాయి ఒరుసుకొన్నా తెలియదు. ఆ పుండు ముదిరితే కాలే తీయవలసి వస్తుంది. సన్నని నైలాను దారం పాదానికి ఆనించి స్పర్శ చూచే పరీక్ష నిమిషాలలో ముగుస్తుంది. మహబూబాబాదులో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి కనుక, ప్రతి పనికీ వరంగల్లు వెళ్ళనక్కరలేదు. రోజూ పడుకోబోయే ముందు పాదాలు, వేళ్ళ సందులు చూచుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకోవచ్చు. కాళ్ళు కడుగుకొనే నీటి వేడిని పాదంతో కాక మోచేతితో చూడాలి.