‘ఆటకట్టు’ నుంచి ‘చెక్’ వరకు: తెలుగు వాడుకలో చదరంగ రూపకం

ప్రవేశిక

చదరంగం ఆడటం తెలియనివారి మాటల్లోనూ ఆ ఆట వినిపిస్తుంది. ‘ఎత్తుకు పైఎత్తు’, ‘ఆటకట్టు’, ‘పావుగా వాడుకోవడం’, ‘రాజకీయ చదరంగం’ వంటి ప్రయోగాలు ఇందుకు నిదర్శనం. వీటి వెనుక ఉన్న ఆట నియమాన్ని గుర్తించినప్పుడే అర్థభేదాలు స్పష్టమవుతాయి.

పేరు, నేపథ్యం

సంస్కృతంలో ‘చతురంగం’ అంటే రథ, గజ, తురగ, పదాతులతో కూడిన సేన. దాని తద్భవమే చదరంగం. ఏనుగు, గుర్రం, బంటు అనే పేర్లు ఆ సేనను నేటికీ గుర్తుచేస్తున్నాయి. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మనను చాటు సంప్రదాయం కీర్తించింది. ఏలికను ఓడించడం ఇక్కడ అపరాధం కాలేదు, ప్రశంసకు హేతువైంది.

ఎత్తు, పాచిక, పావు

‘పాచిక పారడం’ అదృష్టం మీద ఆధారపడిన ఆట నుంచి వచ్చిన పలుకుబడి. ‘ఎత్తు వేయడం’లో ఉన్నది ఆలోచన. ‘ఎత్తులు పారలేదు’ అన్న నేటి వాడుకలో ఈ రెండూ కలిసిపోయాయి. అలాగే, ఇతరుల ప్రయోజనానికి బలయ్యే వ్యక్తిని ఇంగ్లీషు ‘పాన్’ అంటుంది. ఆ మాటకు మూలార్థం కాలిబంటు. తెలుగు మాత్రం అతణ్ణి ‘బంటు’ అనదు, ‘పావు’ అంటుంది. ‘రామబంటు’ వంటి మాటల్లో బంటుకు స్వామిభక్తి, గౌరవం ఉన్నాయి. పావుకు సొంత సంకల్పం లేదు. దాన్ని కదిపే చెయ్యి వేరు.

ఆటకట్టు, చెక్

పారసీకంలో ‘షా’ అంటే రాజు. ‘షా మాత్’ అన్న మాటే అరబ్బీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులో ‘చెక్‌మేట్’ అయింది. తెలుగు ‘ఆటకట్టు’ రాజును ప్రస్తావించదు, ఆటనే కట్టేస్తుంది. అందువల్లనే దొంగల ముఠాకూ, దళారులకూ అది సహజంగా అన్వయిస్తుంది.

ఇటీవలి పత్రికా శీర్షికల్లో ‘అక్రమ రవాణాకు చెక్’ వంటి ప్రయోగాలు విరివిగా కనిపిస్తున్నాయి. వీటిలో ‘చెక్’ అంటే అంతం చేయడం. ఆటలో చెక్ అంతం కాదు. రాజుకు ముప్పు వచ్చిందన్న హెచ్చరిక మాత్రమే; తప్పించుకునే దారి ఉన్నంతవరకు ఆట సాగుతుంది. తనిఖీ అనే అర్థంలోని ‘చెక్’, బ్యాంకు ‘చెక్కు’ కూడా ఈ ‘షా’ నుంచి వచ్చినవే కావడం విశేషం.

ముగింపు

హెచ్చరికకూ ముగింపుకూ ఉన్న తేడాను చదరంగం స్పష్టంగా పాటిస్తుంది. ‘ఆటకట్టు’ స్థానాన్ని ‘చెక్’ ఆక్రమించిన చోట ఆ తేడా చెరిగిపోతున్నది. నిఘంటువులు ‘చెక్’కు ఏర్పడిన ఈ కొత్త అర్థాన్ని నమోదు చేయడం అవసరం. దానితోపాటు ‘ఆటకట్టు’ పుట్టిన సందర్భాన్నీ వివరిస్తే, అధికారులు హెచ్చరించారా, అరికట్టారా అన్నది శీర్షిక చదివేవారికి తెలిసే భాష మిగులుతుంది.