జ్ఞాపకము నడచు కాలువ

తాడేపల్లి చెంతనున్న సీతానగరమువద్ద కృష్ణనీరు తూములు దాటి పశ్చిమ డెల్టా కాలువలలోనికి దిగును. పెద్ద కాలువనుండి పిల్లకాలువలకు, అటనుండి చేలకు పారును. గండి ఎచట పడినదో తెలిసినచో, ఏ చేను ఎండునో చెప్పవచ్చును. మెదడులో జ్ఞాపకము నడచు త్రోవయు కొంతవఱకు ఇట్టిదే.

కణతల లోపల, మెదడు అడుగున, ప్రక్కకొకటిగా వంపు తిరిగిన భాగములు రెండు కలవు. సముద్రపు గుఱ్ఱమును పోలియుండుటచే 1587లో ఇటలీ వైద్యుడు అరాంటియస్ వీనిని హిప్పోకాంపస్ అని పిలిచెను. చూచుటకు ఒక్క ముద్దవలె నున్నను ఇందు పెక్కు విభాగములు కలవు. వానిలో కొన్నిటికి 1934లో లోరెంటె ది నో అను శాస్త్రజ్ఞుడు సి.ఎ.1 మొదలు సి.ఎ.4 వఱకు గుర్తులు పెట్టెను.

మనము చూచినదియు, విన్నదియు మొదట ప్రక్కనున్న ఎంటోరైనల్ వల్కలమును చేరును. ఇది తూమువంటిది. అటనుండి డెంటేట్ గైరస్ అను భాగమునకు పోవును. నిన్న గుంటూరు మిర్చియార్డులో చేసిన బేరమును నేటి బేరముతో కలిసిపోనీయక విడదీయుట దీని పనియని శాస్త్రజ్ఞులు తలంతురు. పిమ్మటిది సి.ఎ.3. ఇచటి కణములు తమలో తాము అల్లుకొనియుండును. పద్యపు మొదటి మాట చెవిని పడగానే పద్యమంతయు మదికి వచ్చుట ఈ అల్లికవలననే యని వారి భావము. తరువాతిది సి.ఎ.1. తూమునుండి దీనికి తిన్నని దారియు ఒకటి కలదు. ఇచటినుండి సమాచారము సబిక్యులమ్ మీదుగా ఎంటోరైనల్ వల్కలమునకు, మెదడు పైపొరలకు మరలిపోవును. కాలువనీరు వెనుకకు రాదు; ఈ ప్రవాహము వచ్చును. అదియే భేదము.

ఈ త్రోవ విలువ గండి పడినప్పుడే తెలిసినది. 1953లో అమెరికాలో మూర్ఛవ్యాధి మాన్పుటకై ఒక యువకునికి రెండువైపుల హిప్పోకాంపస్‌లో చాలభాగము తొలగించిరి. బాల్యపు సంగతులు నిలిచినవి. క్రొత్త సంగతి యేదియు నిలువలేదు. 1986లో మఱియొక రోగి వృత్తాంతము వెలువడినది. మెదడునకు రక్తము చాలనందున అతనికి ముఖ్యముగా సి.ఎ.1 కణములే నశించినవి. అంతమాత్రముననే క్రొత్త జ్ఞాపకము దెబ్బతినినది.

ఆల్జీమర్స్ వ్యాధి తొలుత సోకు తావులలో ఎంటోరైనల్ వల్కలము ఒకటి. అందుచేతనే ఇంటి పెద్దలు తమ పెండ్లినాటి ముచ్చట పూసగ్రుచ్చినట్లు చెప్పుచు, ఉదయము భోజనము చేసిన సంగతి మఱతురు. వారిని కసరుకొనుట తగదు. ముసలితనమని ఊరకుండుటయు తగదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొఱత వంటి కారణములవలనను మఱపు కలుగవచ్చును. వానికి చికిత్స కలదు. కావున ముందుగా వైద్యునికి చూపవలెను.