వాన రోజున, పొగమంచు వేళ ఆసుపత్రికి బయలుదేరే ముందు

బీపీ మాత్రలు అయిపోయాయని జోరువానలో తడిసి ముద్దై వచ్చే పెద్దవాళ్ళను ప్రతి వానాకాలం చూస్తూనే ఉంటాము. కొడుకు బండి నడుపుతుంటాడు. తల్లి వెనుక ఒక పక్కకు కూర్చుని, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పాత చీటీల కవరు పట్టుకుని ఉంటుంది. బండిని పట్టుకోవడానికి ఆమెకు చెయ్యే మిగలదు. మాత్రల కోసం బయలుదేరిన మనిషి తుంటి ఎముక విరిగి స్ట్రెచర్ మీద రావడం మాకు ఎంతో బాధ కలిగిస్తుంది. అందుచేత ఈసారి జ్వరాల సంగతి పక్కన పెట్టి, వాన, పొగమంచు రోజులలో ప్రయాణం గురించి రాస్తున్నాము.

అన్నిటికంటే ముందు ఆలోచించవలసినది, ఆ రోజే రావలసిన పని ఉందా అని. బీపీ, షుగరు, ఫిట్స్ మాత్రలు ఒక్క రోజు కూడా మానకూడదు, నిజమే. కానీ చివరి మాత్ర వేసుకునేదాకా ఆగడం వల్లనే వానలో పరుగెత్తవలసి వస్తుంది. జూన్ నుండి అక్టోబరు వరకు పది రోజుల మందులు ఎప్పుడూ ఇంట్లో ఎక్కువ ఉంచుకోండి. మందులు రాసే రోజున డాక్టరుగారికి ఆ మాట చెప్పండి. అప్పటికీ అయిపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనో, పల్లె దవాఖానానో అడగండి. కుట్లు విప్పించుకోవడం ఒక రోజు ఆలస్యమైతే కొంప మునగదు. జ్వరం, చీము, వాపు ఉంటే మాత్రం ముందు ఫోను చేసి అడగండి.

ఆగకూడనివి వేరే ఉన్నాయి. ఛాతీ నొప్పి, ఆయాసం, పురిటి నొప్పులు, పాము కాటు, మూతి వంకర పోయి మాట తడబడటం, పిల్లలకు ఫిట్స్ రావడం. వీటికి వాన తగ్గనీ అని చూడవద్దు. అలాగని రోగిని మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురు ఒకే బండి మీద రావద్దు. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న ఈ సేవ మొదలైంది కాబట్టి మన పిల్లలకు కూడా ఈ నంబరు తెలుసు. ఫోనులో జబ్బు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఏ వాగు పొంగింది, ఏ దారి తెరిచి ఉంది అన్నది కూడా చెప్పండి. డ్రైవరు తప్పుదారిలో వచ్చి వెనక్కి తిరిగితే అరగంట పోతుంది.

ఇక వాగుల సంగతి. సిరికొండ, భీమ్‌గల్ వైపు వారికి కప్పలవాగు, బోధన్ వైపు వారికి మంజీర. "రోజూ దాటే వంతెనే కదా" అనే ధైర్యమే మనుషులను ముంచుతోంది. పారే నీరు మోకాలి కిందికి, అరడుగు లోతున్నా చాలు, నిలబడిన మనిషిని పడదోయగలదు. అడుగు లోతు నీరు చాలా కార్లను తేల్చేస్తుంది. రెండడుగులు పారితే జీపులు, పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. బండి బరువుగా ఉంది, ఏమీ కాదు అనుకోవద్దు. నీరు కింది నుండి ఎత్తుతుంది, పక్క నుండి నెడుతుంది. పైగా ఎర్రటి నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనిపించదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన వానకు 44వ నంబరు జాతీయ రహదారి మీదనే రాకపోకలు ఆగిపోయాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అంతటి రోడ్డుకే అలా అయితే ఊరి కల్వర్టు ఎంత? ముందు పోయిన ట్రాక్టరును చూసి వెనుక బండి దింపే అలవాటు యువకులు మానుకోవాలి.

నీరు లేని తడి రోడ్డు కూడా తక్కువదేమీ కాదు. చాలా రోజుల తర్వాత పడిన మొదటి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనుకు 16 మీటర్లు దాటిపోతుంది. తడి రోడ్డు మీద ఆగడానికి పొడి రోడ్డు కంటే రెట్టింపు దూరం కావాలి. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటాక నెమ్మదిగా నాలుగు లెక్కపెట్టండి. నాలుగు కాకముందే మీరు ఆ రాయి దగ్గరికి వస్తే వేగం తగ్గించండి. గొడుగు బదులు రెయిన్‌కోటు కొనండి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోండి. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ కావాలి. దాని వల్ల తల గాయాల ముప్పు సుమారు 70 శాతం తగ్గుతుంది.

నవంబరు నుండి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున పొగమంచు. ఇందల్వాయి దాటి అడవి మధ్య సాగే రోడ్డు మీద ఒక్కోసారి పది గజాల ముందు ఏముందో తెలియదు. హెడ్‌లైటు పైకి వేస్తే బాగా కనిపిస్తుందని అనుకుంటారు. ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్ళలోనే పడుతుంది. లైటు కిందికే ఉంచాలి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోవలసి వస్తోంది. ఆ ట్రాలీలకు వెనుక లైటు ఉండదు, చెరుకు గడలు బయటికి పొడుచుకుని ఉంటాయి. రైతు సోదరులకు మా మనవి, ట్రాలీ వెనుక ఎర్రని రేడియం స్టిక్కర్లు అంటించండి. పెద్ద ఖర్చు కాదు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద నల్ల తాటిపత్రి కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో, వానలో ఆ కుప్ప బండివారికి కనిపించనే కనిపించదు. వడ్ల కష్టం మాకు తెలుసు. అయినా కుప్ప కల్లంలోనే ఉండాలి.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు మన సంఘంలో కూడా ఉన్నాయి. మనం మంచు అంటే పొగమంచు. అక్కడ చలికాలంలో రోడ్డు మీదనే నీరు గడ్డకట్టి అద్దంలా ఉంటుంది, నల్ల రోడ్డులాగే కనిపిస్తుంది. అటువంటి చోట బండి ఆగడానికి పది రెట్లు దూరం పట్టవచ్చు. కాబట్టి పిల్లవాడు "మంచు పడుతోంది, ఆదివారం గుడికి పోలేదు" అంటే కోప్పడకండి.

దారిలో ఎవరైనా పడి ఉంటే సాయం చేయడానికి కేసు భయం వద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు. మెడ కదిలించకండి, నోట్లో నీళ్ళు పోయకండి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి పట్టండి.

చివరగా గర్భిణుల గురించి. నెలలు నిండి, ఇల్లు వాగు అవతల ఉంటే, వాన సూచన విన్న రోజునే ఇవతలి ఒడ్డున బంధువుల ఇంటికి వచ్చి ఉండండి. అటువంటి ఇల్లు లేనివారు నొప్పుల కోసం చూడకుండా ముందే వచ్చి మా ప్రసూతి వార్డు సిస్టరుతో మాట్లాడండి. అత్తగారిని కూడా వెంట తీసుకురండి, ఆవిడ ఒప్పుకుంటేనే కదా కోడలు ముందుగా వచ్చేది.